పదిహేనో సంచిక

లోంద్రీనాలో వాన పడిందంటే
ఎర్రమట్టి ముందు చెప్పులెక్కుతుంది,
తర్వాత గోడలెక్కుతుంది.
బస్సు తప్పిపోయి, తల దాచుకోడానికి
ఒస్మార్ పాతపుస్తకాల కొట్లో దూరాను.

పిల్లల అరలో, మోకాలెత్తున,
ఐదు హెల్మెట్లు నన్ను గుర్తుపట్టాయి.
ఎరుపు, నీలం, నలుపు, గులాబి, పసుపు.
సాయంత్రం ఐదయ్యేసరికి మా టీవీలోంచి
అరుచుకుంటూ దూకేది వీళ్లే.

ఎంత అట్టముక్కల ఊరది!
రాక్షసుడి వీపున జిప్పు కనబడేది.
జపాను పెదవులకి పోర్చుగీసు మాటలు
కాస్త పక్కకి అతికించి పంపేవాళ్లు.
ప్రతి శుక్రవారం ఊరు కూలేది,
మళ్లీ శుక్రవారానికి ఒక్క పెంకు జారకుండా నిలబడేది.
ఎవరు కట్టారని మేమెప్పుడూ అడగలేదు.

వీధి ఆటలో ఎరుపు వాగ్నెర్‌ది, బంతి వాడిది కాబట్టి.
గులాబి నాకంటగట్టారు, ఆడపిల్లనని.
అందరూ ఏరుకోగా మిగిలిన పసుపు
మా అన్న నివాల్దోకి.
పసుపంటే తిండిపోతు. జారిపడాలి, జనం నవ్వాలి.
అన్న నిజంగానే పడేవాడు,
మోచిప్పలు చెక్కుకుపోయినా
మేం నవ్వేదాకా లేచేవాడు కాదు.

పుస్తకం తెరిచాను, నవ్వుకుందామనే.

బొమ్మలేసిన మనిషెవరో,
మాలాగే ఐదింటికి టీవీ ముందు కూచున్న పిల్లాడే అయ్యుంటాడు,
మాకు తట్టని చోట మొదలుపెట్టాడు.
మరమనిషి పాదం దిగబడిన గుంటలో నీళ్లు నిలిచాయి.
గట్టుమీద ఒకామె, చేతిలో తాళంచెవి.
తలుపు లేదు. గోడా లేదు. తాళంచెవి ఉంది.
పసుపు యోధుడు పక్కన నిలబడితే
"గెలిచారట కదా, బాబూ" అంటుంది.
ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది.

తర్వాత రెండు పేజీలకి మాటల్లేవు.
అతను మెట్లెక్కుతాడు. లైటు వెయ్యడు.
వంటింటి బల్ల ముందు కూచుంటాడు, హెల్మెట్టు తియ్యకుండానే.
గడియ బిగుసుకుపోయిందేమో అనుకున్నాను.
కాదు. బొటనవేలు దానిమీదే ఉంది.
ఆ వేలొక్కదాన్నే ఆరు గళ్లలో ఆరుసార్లు గీశాడు.
ఆ హెల్మెట్టుకి అచ్చుపోసిన నోరుంటుంది కదా,
దెబ్బ తిన్నా గెలిచినా అదే నవ్వుగీత,
దాన్నీ ఆరుసార్లు గీశాడు.
ఏడో గడిలో మాత్రం
అద్దానికి లోపలివైపు ఆవిరి పట్టింది.

ఇన్నేళ్లూ బయటినుంచే చూశాం,
లోపలొకడుంటాడని టీవీ చెప్పలేదు
అనుకుంటూ పేజీ తిప్పబోయి ఆగాను.

పరుపుల గోదాము తగలబడిన రాత్రి.
అన్న ఫైరింజన్ ఉద్యోగంలో చేరి రెండో ఏడు.
తెల్లారుజామున వంటింట్లోకి వస్తే
బల్ల ముందు ఉన్నాడు, హెల్మెట్టుతోనే.
మసి కింద పసుపు.
నాకు పంతొమ్మిదేళ్లు, నిద్రమొహం.
కాఫీకి నీళ్లు పెడుతూ అన్నాను కదా,
"ఏం పసుపూ, ఆకలేస్తోందా?"

తీశాడు. నవ్వాడు. రొట్టె తిన్నాడు.
రెండోదీ తిన్నాడు.
నేను నవ్వేదాకా తిన్నాడు.

ఆ గోదాములో ఏం జరిగిందో
మా ఇంట్లో ఎవరం అడగలేదు.
మళ్లీ శుక్రవారానికి అంతా బాగానే ఉంది.

"పిల్లాడికా?" అన్నాడు ఒస్మార్, దుమ్ము దులుపుతూ.
ఊఁ అన్నాను.
"ఎన్నేళ్లు?"
నలభై మింగేసి ఆరన్నాను.

పద్నాలుగో సంచిక ఆఖరి గడిలో తలుపు. టక్ టక్.
అటువైపు ఎవరున్నారో పదిహేనులో ఉండాలి.
అరంతా వెతికాడు, అట్టపెట్టెలు బోర్లించాడు. పదిహేను లేదు.
పదహారులో ఐదుగురూ మళ్లీ ఆకాశంలో,
పసుపు జారిపడుతున్నాడు,
అందరూ నవ్వుతున్నారు.

బస్సొచ్చింది. నాది కాదు,
అన్నవాళ్ల పేట మీదుగా పోయేది.
పుస్తకం తడవకుండా చొక్కాలో దోపుకుని ఎక్కేశాను.
ఇరవై నాలుగేళ్ల తర్వాత తలుపు కొట్టి
ఏమనాలి?
గెలిచారట కదా, అనా?

చెప్పులనిండా ఎర్రమట్టి.
వదిన గుమ్మంలోనే విప్పమంటుంది.